బ్యాటరీ మోషన్ సెన్సర్ బిగించడం ఎలా? అనంతపురం ఎండలకు సరిపడే పద్ధతి

“సెన్సర్ తెచ్చి గోడకు అంటించాం. యాప్‌లో కనెక్ట్ కూడా అయింది. కానీ మధ్యాహ్నం మనిషి నడిచినా పట్టుకోదు, రాత్రి ఎవరూ లేకపోయినా అలర్ట్ వస్తుంది. వాపసు ఇచ్చేయమంటారా?” ఎండాకాలం మొదలైతే చాలు, నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేవాళ్లలో చాలామంది బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, అనంతపురంలో అమ్మానాన్నల ఇంటికోసం సెన్సర్ కొన్నవాళ్లు. పండక్కి వచ్చినప్పుడు హడావిడిగా బిగించి వెళ్లిపోతారు. అక్కడికి వెళ్లాక టెన్షన్ మొదలవుతుంది.

వాపసు ఇచ్చే ముందు ఇది చదవండి. సెన్సర్ పాడై ఉండటం అరుదు. ఎక్కువగా తప్పు దాన్ని పెట్టిన చోటులోనో, మార్చకుండా వదిలేసిన సెట్టింగ్‌లోనో ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తెలుసుకుంటే చాలు. మార్కెట్లో దొరికే బ్యాటరీ సెన్సర్లలో దాదాపు అన్నీ పీఐఆర్ రకం. ఇది మనిషిని కెమెరాలా చూడదు. తన ముందున్న గోడ, నేల వేడికీ, దాటిపోయే మనిషి ఒంటి వేడికీ ఉన్న తేడాను పట్టుకుంటుంది. మన చర్మం పైభాగం సుమారు 33 నుంచి 35 డిగ్రీల వేడి ఉంటుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు మనిషి స్పష్టంగా తెలుస్తాడు. మే నెల మధ్యాహ్నం గది కూడా 35 దగ్గరికి చేరితే మనిషికీ గోడకూ తేడా దాదాపు ఉండదు, సెన్సర్‌కు ఏమీ కనబడదు. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం దీనివల్లే.

కావలసినవి

- మోషన్ సెన్సర్. పెట్టె మీద జిగ్బీ అని ఉందా, వై-ఫై అని ఉందా చూసుకోండి. జిగ్బీ అంటే తక్కువ బ్యాటరీతో నడిచే ఇంకో వైర్‌లెస్ పద్ధతి.
- జిగ్బీ అయితే దానికి సరిపోయే హబ్, అంటే సెన్సర్‌ను ఇంటి వై-ఫైకి కలిపే చిన్న పెట్టె. ఇది లేకుండా సెన్సర్ ఫోన్‌కు కనెక్ట్ కాదు. కొనేటప్పుడు చాలామంది మరిచిపోయేది దీన్నే.
- 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై.
- సెన్సర్‌కు సరిపోయే సెల్లు, ఒక జత అదనంగా. సీఆర్2450, సీఆర్2032, ట్రిపుల్ ఏ, సీఆర్123ఏ, వీటిలో ఏది పడుతుందో మూత లోపల రాసి ఉంటుంది.
- ఫోన్‌లో సిమ్ తీసే పిన్ను.
- పెయింటర్లు వాడే కాగితం టేపు. దీన్ని తప్పనిసరిగా తెచ్చుకోండి, ఎందుకో కింద చెబుతాను.
- డబుల్ టేపు, లేదా చిన్న స్క్రూలు, ప్లగ్గులు.
- కదలని స్టూలు.

ఇంకా కొనలేదా? అయితే జిగ్బీ వైపే వెళ్లండి. వై-ఫై సెన్సర్ కదలిక పట్టిన ప్రతిసారీ నిద్ర లేచి రౌటర్‌తో కనెక్ట్ కావాలి, దానికి బ్యాటరీ బాగా ఖర్చవుతుంది. మనుషులు ఎక్కువగా తిరిగే చోట కొన్ని నెలలకే సెల్లు మార్చాల్సి రావచ్చు. జిగ్బీ అయితే ఏడాది దాటి నడుస్తుంది. అయినా ఒక్క సెన్సర్ చాలు, హబ్ ఖర్చు వద్దు అనుకుంటే వై-ఫైదే తీసుకోండి, ట్రిపుల్ ఏ సెల్లు పడేది చూసి.

1. ముందు హబ్‌ను, వై-ఫైని సిద్ధం చేయండి

ఇప్పటి రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఒకే పేరుతో చూపిస్తాయి. ఎక్కువ సెన్సర్లు, హబ్‌లు 2.4 మాత్రమే అందుకుంటాయి. రౌటర్ సెట్టింగ్‌లో రెండింటికీ వేరే పేర్లు పెట్టి, ఫోన్‌ను 2.4 పేరుకు కలపండి. అది కుదరకపోతే కనెక్ట్ చేసేంతవరకు 5ను ఆపి, తర్వాత ఆన్ చేసుకోండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి. పాత చిప్ ఉన్న సెన్సర్లు 3తో కనెక్ట్ కావు.

హబ్‌ను రౌటర్‌కు ఆనించి పెట్టకండి, కనీసం మూడడుగులు దూరం ఉంచండి. జిగ్బీ, వై-ఫై రెండూ 2.4లోనే పనిచేస్తాయి కాబట్టి పక్కపక్కనే ఉంటే ఒకదానికొకటి అడ్డం వస్తాయి. బీరువా వెనకాల, టీవీ వెనకాల కూడా వద్దు.

2. అకౌంట్ ఎవరి పేరున ఉండాలో ఇప్పుడే తేల్చుకోండి

కంపెనీ పేరు పెద్దగా తెలియని సెన్సర్లలో చాలావరకు స్మార్ట్ లైఫ్ లాంటి యాప్‌తో నడుస్తాయి. ఎవరి ఫోన్‌లో కనెక్ట్ చేస్తే వాళ్ల అకౌంట్‌కే సెన్సర్ అతుక్కుపోతుంది. దూరంగా ఉండి చూసుకునేది మీరైతే మీ ఫోన్‌లోనే చేయండి, తర్వాత యాప్‌లో నాన్నగారినో, చెల్లినో సభ్యులుగా చేర్చండి. మొదట తమ్ముడి ఫోన్‌లో చేసి, తర్వాత మీ ఫోన్‌కు మార్చాలంటే తమ్ముడి యాప్‌లోంచి తీసేశాకే కుదురుతుంది. “ఎన్నిసార్లు చేసినా కనెక్ట్ కావడం లేదు” అనేవాళ్లలో కొందరి సమస్య ఇంతే.

3. సెల్ వేయండి

కొత్త సెన్సర్‌లో సెల్‌కు అడ్డంగా పలచని ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని లాగేయాలి. సెల్ మార్చేటప్పుడు ప్లస్ గుర్తు ఎటు ఉండాలో చూసుకోండి. బటన్ సెల్‌ను వేళ్లతో రెండు వైపులా పట్టుకోకుండా అంచు పట్టుకుని వేయండి. ట్రిపుల్ ఏ పడే సెన్సర్‌లో రీచార్జబుల్ సెల్లు వద్దు. అవి ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తాయి, మామూలు సెల్ 1.5 ఇస్తుంది. కొత్తగా వేసినా బ్యాటరీ తక్కువ అని చూపిస్తూ ఉంటుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే బటన్ సెల్ విషయంలో చాలా జాగ్రత్త. మింగితే గొంతులో, అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. పాత సెల్‌ను కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోకండి. మింగారని అనుమానం వచ్చినా ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సెల్ వేశాక ఒక నిమిషం దాన్ని కదపకుండా వదిలేయండి. గది వేడికి అలవాటు పడటానికి ఆ మాత్రం టైమ్ కావాలి. ఆ నిమిషంలో అది ఏం చూపించినా పట్టించుకోనక్కర్లేదు.

4. హబ్ పక్కనే కూర్చుని కనెక్ట్ చేయండి

గోడ మీద పెట్టాక కాదు, ముందే. ఫోన్, హబ్, సెన్సర్ మూడూ ఒకే గదిలో దగ్గరగా ఉంచుకోండి. ఫోన్‌లో లొకేషన్, బ్లూటూత్ ఆన్ చేసి, యాప్ అడిగే పర్మిషన్లు ఇవ్వండి. యాప్‌లో ‘పరికరం చేర్చు’ నొక్కాక, సెన్సర్ మీద బటన్‌ను, లేదా చిన్న రంధ్రంలో పిన్నుతో, సుమారు 5 సెకన్లు నొక్కి పట్టుకోండి. లైటు గబగబా మినుకుమంటే సెన్సర్ సిద్ధంగా ఉన్నట్టు.

నిమిషంలో కాకపోతే మళ్లీ నొక్కండి. రెండోసారీ కాకపోతే సెల్ తీసి, పది సెకన్లు ఆగి, మళ్లీ వేసి ప్రయత్నించండి. హబ్ ఉన్నవాళ్లు సెన్సర్‌ను హబ్ పేజీలోంచే చేర్చాలి. మొదటి పేజీలోంచి వెతికితే కొన్ని యాప్‌లకు కనబడదు.

కనెక్ట్ కాగానే పేరు మార్చండి. ‘నడవ’, ‘వెనక తలుపు’, ‘మేడమెట్లు’. రాత్రి ఒంటిగంటకు అలర్ట్ వస్తే “మోషన్ సెన్సర్ 2” అన్న పేరు చూసి ఏ చోటో గుర్తు తెచ్చుకోవడం కష్టం.

5. చోటు ఎంచుకోండి

తొందరపడకూడని పని ఇదే.

ఎత్తు ఆరున్నర, ఏడడుగులు. గది మూల బాగుంటుంది, రెండు గోడల మధ్య నుంచి గదంతా కనబడుతుంది. సెన్సర్ వైపు నేరుగా నడిచి వచ్చే మనిషి కంటే అడ్డంగా దాటే మనిషిని అది త్వరగా పట్టుకుంటుంది. అందుకని తలుపుకు ఎదురుగోడ మీద కాకుండా పక్కగోడ మీద పెట్టండి. లోపలికి అడుగుపెట్టిన మనిషి సెన్సర్ ముందు అడ్డంగా దాటాలి.

పెట్టకూడని చోట్లు:

- పడమటి కిటికీకి ఎదురుగా. సాయంత్రపు ఎండ నేల మీద జరుగుతుంటే ఆ వేడినే కదలిక అనుకుంటుంది.
- కూలర్ గాలి, ఏసీ గాలి తగిలే చోట.
- పొయ్యికి, ఫ్రిజ్ వెనకభాగానికి, దేవుడి గూట్లో దీపానికి ఎదురుగా.
- కర్టెన్లు, ఆరేసిన బట్టలు ఊగే చోట. ఆషాఢం గాలి మొదలయ్యాక మన దగ్గర తప్పుడు అలర్ట్‌లు పెరగడానికి ఇదొక పెద్ద కారణం. కిటికీ మూసినా సందుల్లోంచి వచ్చే గాలికి కర్టెన్ ఊగుతుంది.
- కిటికీ లోపల పెట్టి బయట చూడమనడం. అద్దం ఒంటి వేడిని ఆపేస్తుంది. అద్దంలోంచి పీఐఆర్ చూడలేదు.

పై అంతస్తు గురించి విడిగా చెప్పాలి. మిద్దె స్లాబు పగలంతా ఎండకు కాగి, రాత్రి పది దాటినా వేడి దించుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలి తెరలు తెరలుగా కిందికి వస్తుంది. సెన్సర్‌కు అది మనిషి కదిలినట్టే. మీకు ఎంచుకునే వీలుంటే కింది అంతస్తులో, ఎండ తగలని నడవలో పెట్టండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోటే సెన్సర్‌కు మంచి చోటు.

సిగ్నల్ కూడా చూసుకోవాలి. పాత ఇళ్లలో రాతి గోడలు మందంగా ఉంటాయి, రెండు గోడలు దాటితే జిగ్బీ సిగ్నల్ బలహీనపడుతుంది. ఇనుప బీరువా అడ్డముంటే ఇంకా తగ్గుతుంది. దీనికి మందు మధ్య గదిలో ఒక జిగ్బీ స్మార్ట్ ప్లగ్గు పెట్టడం. కరెంటుతో నడిచే జిగ్బీ పరికరాలు సిగ్నల్‌ను ముందుకు అందిస్తాయి. బ్యాటరీ సెన్సర్లు ఆ పని చేయవు, కాబట్టి మధ్యలో ఇంకో సెన్సర్ పెట్టి లాభం లేదు.

6. కాగితం టేపుతో అంటించి నడిచి చూడండి

స్క్రూలు ఇప్పుడే వద్దు. అనుకున్న చోట కాగితం టేపుతో అంటించండి. సెన్సర్ ముందు తెల్లటి గుండ్రటి కన్ను మీద టేపు పడకూడదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. అంటించి, అక్కడే చేతులు ఊపి, “ఒకసారి వెలిగింది, మళ్లీ వెలగడం లేదు” అంటారు. బ్యాటరీ ఆదా కోసం సెన్సర్ ఒకసారి కదలిక పట్టాక కొంతసేపు కళ్లు మూసుకుంటుంది. చాలావాటిలో అది 60 సెకన్ల దాకా ఉంటుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఈలోపు మీరు ఎన్నిసార్లు తిరిగినా చలించదు.

అందుకని ఇలా పరీక్షించండి. గదిలోంచి అందరూ బయటికి రండి, తలుపు వేయండి. యాప్‌లో ‘కదలిక లేదు’ అని వచ్చేదాకా ఆగండి. ఇప్పుడు మామూలుగా, చేతులు ఊపకుండా, ఇంటికి వచ్చినవాళ్లు నడిచినట్టే నడవండి. ఎన్నో అడుగు దగ్గర లైటు వెలిగిందో అక్కడ నేల మీద సుద్దతో గీత గీయండి. మళ్లీ బయటికి వచ్చి, ఆగి, ఇంకో దారిలో నడవండి. లైటు వెలిగింది కానీ యాప్‌లో రాలేదంటే సెన్సర్ బాగానే ఉంది, సిగ్నల్ అందడం లేదు. లైటే వెలగకపోతే చోటు మార్చాలి.

ఈ పరీక్ష తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి ఒకసారి చేయండి. మూడింటి గీత ఉదయం గీతకంటే సెన్సర్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. మీరు నమ్మాల్సింది ఆ దగ్గరి గీతనే. పెట్టె మీద 7 మీటర్లని ఉన్నా, మే నెల మధ్యాహ్నానికి మూడు నాలుగు మీటర్లే లెక్క వేసుకోండి. గది అంతకంటే పొడవైతే తలుపు వైపు జరపండి.

7. సెట్టింగ్‌లు మార్చండి

అన్ని సెన్సర్లలో అన్నీ ఉండవు. మీ దాంట్లో ఉన్నవి చూసుకోండి.

సెన్సిటివిటీ: మార్చి చివరి నుంచి జూన్ దాకా ఎక్కువ, మిగతా కాలం మధ్యస్థం. చలికాలం రాత్రుల్లో గది చల్లబడి పిల్లి దాటినా పట్టుకుంటుంది, అప్పుడు తగ్గించండి. ఫోన్‌లో ఏడాదికి మూడు రిమైండర్లు పెట్టుకుంటే సరిపోతుంది, ఉగాదికి ఒకటి, జూన్ చివర ఒకటి, దీపావళికి ఒకటి.

విరామం: పట్టిన తర్వాత ఎంతసేపటికి మళ్లీ చూడాలి అన్నది. అలర్ట్ కోసమైతే 60 సెకన్లు చాలు. లైటు వెలిగించడానికైతే 30 పెట్టండి, బ్యాటరీ కొంచెం త్వరగా అయిపోతుంది.

సెట్టింగ్ మార్చినా పనిచేయడం లేదని చాలామంది అంటారు. బ్యాటరీ సెన్సర్ ఎక్కువసేపు నిద్రలో ఉంటుంది. మీరు యాప్‌లో మార్చింది అది నిద్ర లేచినప్పుడే దానికి చేరుతుంది. మార్చిన వెంటనే సెన్సర్ ముందు ఒకసారి నడవండి, లేదా బటన్ ఒకసారి చిన్నగా నొక్కండి. తర్వాత యాప్ మూసి, తెరిచి, కొత్త విలువ ఉందో లేదో చూడండి. పాతదే ఉంటే మళ్లీ చేయాలి.

8. ఏం జరగాలో చెప్పండి

తాళం వేసిన ఇంటికి: కదలిక వస్తే ఫోన్‌కు అలర్ట్. ఇంట్లో మనుషులున్న రోజుల్లో దాన్ని ఆఫ్ చేసుకునేలా ఒక బటన్ పెట్టుకోండి. లేకపోతే రోజుకు వందసార్లు మోగి, విసుగొచ్చి మీరే నోటిఫికేషన్లు ఆపేస్తారు, అసలు రోజున తెలియదు.

అయితే తాళం వేసిన ఇంట్లో కిటికీలు మూసి ఉంటాయి, ఫ్యాన్లు తిరగవు, ఎండకు లోపల ఉక్కిపోతుంది. అంటే మీకు సెన్సర్ ఎక్కువ అవసరమైన రోజుల్లోనే అది బలహీనంగా ఉంటుంది. కాబట్టి ఒక్క మోషన్ సెన్సర్‌ను నమ్ముకోకండి. తలుపుకు అయస్కాంతంతో పనిచేసే డోర్ సెన్సర్ కూడా పెట్టండి. దానికి వేడితో పని లేదు, తలుపు తెరిస్తే చెబుతుంది. చెక్క తలుపుకైతే ఇబ్బంది ఉండదు. ఇనుప గేటుకు, షట్టరుకు మామూలుది సరిగా పనిచేయకపోవచ్చు, లోహపు తలుపులకు చేసినదే తీసుకోండి.

పెద్దవాళ్లున్న ఇంటికి: రాత్రి లేచి బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు నడవలో లైటు దానంతటదే వెలగడం వాళ్లకు నిజంగా ఉపయోగం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకే పనిచేసేలా పెట్టండి. లైటు ఆరే సమయం పది నిమిషాల కంటే తక్కువ పెట్టకండి. పీఐఆర్ కదలని మనిషిని చూడదు. రెండు నిమిషాలు పెడితే అవ్వ బాత్రూమ్‌లో ఉండగానే నడవ చీకటైపోతుంది, బయటికి వచ్చి తడుముకోవాలి. బాత్రూమ్ లోపలి లైటును మాత్రం సెన్సర్‌కు కలపొద్దు, మామూలు స్విచ్చే ఉండనివ్వండి.

ఉదయం ఎనిమిది దాటినా వంటింటి వైపు కదలిక లేకపోతే మీకు చెప్పమని కూడా కొన్ని హబ్‌లలో పెట్టుకోవచ్చు. అలా పెట్టేముందు అమ్మానాన్నలకు చెప్పండి, వాళ్లు ఒప్పుకున్నాకే పెట్టండి. ఇది కెమెరా కాదు, మాటలు వినదు, కదలిక ఒక్కటే తెలుస్తుంది అని వాళ్లకు అర్థమయ్యేలా చూపించండి.

9. ఫోన్‌కు అలర్ట్ వస్తోందో చూడండి

బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. సెన్సర్ యాప్‌కు బ్యాటరీ సెట్టింగ్‌లో ‘పరిమితి లేదు’ అని పెట్టండి, నోటిఫికేషన్ శబ్దం ఆన్ చేయండి. తర్వాత వై-ఫై ఆపి, మొబైల్ డేటాతో, స్క్రీన్ ఆర్పి, ఓ గంట వదిలేయండి. ఇంట్లోవాళ్లను సెన్సర్ ముందు నడవమనండి. అప్పుడు మోగితేనే బెంగళూరులో ఉన్నప్పుడూ మోగుతుంది.

కరెంటు పోతే రౌటర్, హబ్ ఆగిపోతాయి. సెన్సర్ బ్యాటరీతో మెలకువగానే ఉన్నా చెప్పడానికి దారి ఉండదు. రెండింటినీ ఇన్వర్టర్ లైనులో పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్ల కోసం వచ్చే చిన్న 12 వోల్టుల యూపీఎస్ సరిపోతుంది, మీ రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులే ఉందని చూసుకుని కొనండి. హబ్ సాధారణంగా 5 వోల్టులది, దానికి యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ తీసుకోండి. పెట్టాక మెయిన్ ఆపి, అలర్ట్ వస్తోందో పరీక్షించండి.

10. ఇప్పుడు గట్టిగా బిగించండి

రెండు మూడు రోజులు కాగితం టేపు మీదే గమనించి, తృప్తిగా అనిపించాక బిగించండి. సున్నం, డిస్టెంపర్ వేసిన గోడలకు డబుల్ టేపు నిలవదు, ఎండాకాలంలో పొడితో సహా ఊడి వస్తుంది. ప్లగ్గు వేసి స్క్రూ బిగించండి. కడప బండ అరమరలున్న ఇళ్లలో బండ అంచుకు అంటించుకోవచ్చు. నున్నగా ఉంటుంది కాబట్టి పొడిగుడ్డతో తుడిచి అంటిస్తే టేపు బాగా పడుతుంది. బిగించాక ఆరో అంకెలోని నడక పరీక్ష ఇంకోసారి చేయండి. కోణం కొంచెం మారినా గీత జరుగుతుంది.

ఇంకా ఇబ్బంది పెడుతుంటే

ఎవరూ లేకుండా మోగుతోంది: ఏ వేళకు మోగుతోందో యాప్‌లో చరిత్ర చూడండి. రోజూ సాయంత్రం ఒకే సమయానికైతే ఎండ. రాత్రుల్లో ఎప్పుడు పడితే అప్పుడైతే దగ్గరికి వెళ్లి కన్ను చూడండి, బల్లి, సాలెగూడు, చీమలు ఏదో ఒకటి కనబడుతుంది. బల్లి కన్ను మీదుగా పాకితే దాని కదలికే పెద్దదిగా తెలుస్తుంది. కన్నును పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, స్పిరిట్ వాడకండి.

పిల్లి, కుక్క ఉన్న ఇల్లు: కన్ను కింది భాగానికి లోపలివైపు చిన్న టేపు ముక్క వేస్తే నేల దగ్గర చూడటం తగ్గుతుంది. మూత తీయడానికి వీల్లేకపోతే బయటినుంచే వేయండి.

మధ్యాహ్నం ఎంత చేసినా పట్టడం లేదు: ఆ గదికి పీఐఆర్ సరిపోదు. కరెంటుతో నడిచే రాడార్ సెన్సర్ తీసుకోండి, దానికి వేడితో సంబంధం లేదు. కాకపోతే తిరిగే ఫ్యాన్‌ను, ఊగే కర్టెన్‌ను కూడా కదలికగా చూస్తుంది, దూరం సెట్టింగ్ ఓపిగ్గా సరిచేయాలి.

తోటలో బోరు మోటారు షెడ్డుకు ఇదే పెట్టొచ్చా అని కేబుల్ దొంగతనాలతో విసిగిపోయిన రైతులు అడుగుతుంటారు. వద్దు. ఇంటి వై-ఫై అక్కడికి రాదు, రేకుల వేడికి ఇది పనిచేయదు, దుమ్ముకు, వానకు తట్టుకోదు. సిమ్ వేసే అలారం, తలుపు సెన్సర్‌తో ఉన్నది చూడండి.

సెల్ విషయంలో యాప్ చూపించే శాతాన్ని పూర్తిగా నమ్మకండి. బటన్ సెల్ చివరిదాకా బాగానే చూపించి ఒక్కసారిగా పడిపోతుంది. మల్టీమీటర్ ఉంటే కొలవండి. కొత్త సీఆర్ సెల్ 3 వోల్టులు, ఆపైన చూపిస్తుంది, 2.7కు దిగిందంటే మార్చేయండి. తాళం వేసి నెలల తరబడి వెళ్లేవాళ్లు శాతం చూడకుండా, వెళ్లే ముందే కొత్తది వేయండి. ట్రిపుల్ ఏ సెల్లు వేడికి కారి లోపల తెల్లటి పొడి కడతాయి, ఎండాకాలం ముందొకసారి మూత తీసి చూడండి. సెల్ మార్చిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగి, గదిలోంచి బయటికి వచ్చి, మళ్లీ లోపలికి నడిచి అలర్ట్ వచ్చాకే తాళం వేయండి.